చింతగింజంత పొలుసు: ప్రాణహిత రాళ్లలో లెపిడోటెస్ చేపను గుర్తుపట్టడం ఎలా?

కాళేశ్వరం పోయినవాళ్లం మామూలుగా ఏం చేస్తాం? సంగమంలో మూడు మునకలు వేసి, ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలకు దండం పెట్టుకుని, కట్టుకుపోయిన పులిహోర తిని బండెక్కుతాం. ఏళ్ల తరబడి నేనూ అంతే చేశాను. అక్కడ గోదావరిలో కలిసే ప్రాణహిత వెంట ఎగువకు పోతే, ఆ నదికి అటూ ఇటూ ఉన్న రాళ్లలో సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి చేపలున్నాయని తెలిసేసరికి నా తల సగం నెరిసింది.

ఆ చేపల్లో పేరున్నది లెపిడోటెస్. ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు, రాళ్లలో మాత్రమే దొరుకుతుంది. హనుమకొండలో ఉండే నాలాంటి మామూలు మనిషి దాన్ని గుర్తుపట్టాలంటే ఏం నేర్చుకోవాలి, ఎక్కడికి పోవాలి, పోయాక ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట: తలా తోకా ఉన్న పూర్తి చేప మీకు దొరకదు. నాకూ దొరకలేదు. దొరికితే గిజితే పొలుసు దొరుకుతుంది. చింతగింజంత పొలుసు. అది చాలు.

మొదటి మెట్టు: చేపల మార్కెట్‌కు పోవడం

రాళ్ల దగ్గరికి తర్వాత పోదాం. ఆదివారం పొద్దున చేపల మార్కెట్‌కు పోయి బొచ్చె పొలుసులు నాలుగు తెచ్చుకోండి. మృగశిర కార్తె నాడైతే గంపలకొద్దీ ఉంటాయి. నేను మొదటిసారి అడిగినప్పుడు చేపలు కోసే ఆమె కత్తిపీట ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

“పొలుసులేం జేస్కుంటవ్ సారూ, కోళ్లకేస్తవా?”

“చదువుకోనీకి అక్కా.”

“చేప పొలుసుల ఏం సదువుంటది!” అంటూనే గుప్పెడు తీసి కవర్లో వేసింది.

ఇంటికొచ్చి సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, 10ఎక్స్ లూప్‌తో, అంటే పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దంతో చూడండి. గుండ్రంగా, పలుచగా, గాజుకాగితంలా ఉంటుంది. చెట్టు మొద్దులో ఉన్నట్టు వలయాలు కనిపిస్తాయి. వేళ్ల మధ్య పెట్టి వంచితే వంగుతుంది. ఒకదాని మీద ఒకటి సగం కప్పుకుంటూ పోతుంది, మన పాత ఇళ్ల మీది గూనపెంకుల్లాగా. ఇవాళ మనం తినే పొలుసు చేపల్లో చాలామట్టుకు కథ ఇదే. కొర్రమీను పొలుసు కూడా తెచ్చి పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది.

లెపిడోటెస్ పొలుసు వేరే రకం. పలుచన కాదు, వంగదు, గుండ్రంగా ఉండదు. నాలుగు మూలలు, కొంచెం పక్కకు ఒరిగిన చతురస్రం, అంటే గణితంలో చెప్పే రాంబస్. లోపల ఎముక, పైన ఎనామిల్ లాంటి మెరిసే పూత. ఆ పూతను గానోయిన్ అంటారు, అలాంటి పొలుసును గానాయిడ్ పొలుసు అంటారు. పోలిక కావాలంటే వంటింట్లోకి పోయి ఒక చింతగింజ తీసుకోండి. ముదురు గోధుమ రంగు, నూనె రాసినట్టు మెరుపు, గుండ్రమూ కాని చదరమూ కాని ఆకారం. ప్రాణహిత రాళ్లలో పొలుసు అచ్చం అట్లనే కళ్లబడుతుంది. నేను ఇప్పటికీ సంచిలో నాలుగు చింతగింజలు వేసుకునే పోతాను. కొత్తగా వచ్చినవాళ్లకు గంటసేపు వివరించేకన్నా గింజ చేతిలో పెట్టి “ఇట్లాంటిది వెతకండి” అంటే పని అయిపోతుంది.

ఇక పొలుసుల అతుకు సంగతి. బొచ్చె పొలుసులు గూనపెంకులైతే లెపిడోటెస్ పొలుసులు బెంగుళూరు పెంకులు. బెంగుళూరు పెంకు వెనక చిన్న కొక్కెం ఉంటుంది చూడండి, పక్క పెంకు గాడిలో అది కూర్చుంటుంది. అట్లనే ఈ పొలుసు లోపలివైపు పై అంచున చిన్న మేకులాంటి మొన ఉంటుంది. పైనున్న పొలుసు కింది అంచులో దానికి సరిపడా గాడి ఉంటుంది. ముందువైపు అంచు నుంచి రెండు కొమ్ముల్లాంటి మొనలు ముందుకు పొడుచుకొచ్చి ముందు పొలుసు కిందకు దూరతాయి. అలా దూరిన భాగం మీద మెరుపు పూత ఉండదు, ఉత్త ఎముకే. బయటికి కనిపించే భాగానికే గానోయిన్. అందుకే విడిపోయిన పొలుసు దొరికితే సగం మెరుస్తూ, ముందరి అంచు మట్టిరంగులో ఉంటుంది. ఈ రెండు రంగుల తేడాను మనసులో గట్టిగా పెట్టుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది.

రెండో మెట్టు: చేప ఎవరిదో తెలుసుకోవడం

లెపిడోటెస్ అనేది ప్రజాతి పేరు, అంటే దగ్గరి జాతులన్నిటికీ కలిపి పెట్టిన ఇంటిపేరు లాంటిది. గ్రీకులో ‘పొలుసులున్నది’ అని అర్థం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త లూయీ అగాసీ 1832లో ఈ పేరు పెట్టాడు. రెక్కల్లో సన్నని పుల్లలు విసనకర్రలా పరుచుకునే చేపల్ని రే-ఫిన్డ్ చేపలంటారు. మన బొచ్చె, రవ్వ, జెల్ల అన్నీ ఆ కోవలోవే, ఇదీ ఆ కోవలోదే. కాకపోతే దీనికి దగ్గరి చుట్టం ఇవాళ మన చెరువుల్లో లేదు. ఉత్తర అమెరికా నదుల్లో ఉండే గార్ చేప దీనికి ఇప్పుడున్నవాటిలో దగ్గరిది. ఆ గార్‌లో ఒక రకాన్ని, మొసలి మూతిదాన్ని, మనదగ్గర అక్వేరియం షాపుల్లో అమ్ముతుంటారు. గానాయిడ్ పొలుసు బతికున్న చేప మీద చూడాలంటే అది ఒక దారి. పెంచలేక దాన్ని తీసుకుపోయి చెరువులో వదలకండి, ఉన్న చేపల్ని మింగేస్తుంది.

మన ప్రాంతపు జాతి పేరు లెపిడోటెస్ డెక్కనెన్సిస్, అంటే దక్కన్ చేప. 1851లో బ్రిటిష్ సైనికాధికారి కల్నల్ సైక్స్ దీన్ని లండన్‌లో ప్రకటించాడు. చేప దొరికింది కోట అనే ఊరి దగ్గర. ఈ పేరు దగ్గర వరంగల్ వాళ్లం తప్పకుండా బోల్తా పడతాం. ఇది మన కాకతీయుల కోట కాదు. ఇళ్లల్లో పరిచే కోటా స్టోన్ కూడా కాదు, అది రాజస్థాన్‌లోని కోటా నుంచి వచ్చేది, చేపలు పుట్టకముందటి రాయి. మన కోట ప్రాణహిత ఎడమ గట్టున, సిరొంచకు ఎగువన, ఇప్పటి మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉన్న చిన్న పల్లె. ఆ పల్లె పేరు మీదే ఈ రాతి పొరల వరసకు ‘కోట ఫార్మేషన్’ అన్న పేరు వచ్చింది. అదే వరస నదికి ఇటువైపు మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల్లోనూ బయటపడుతుంది.

ఈ రాళ్లు పేరుకున్న ఆనాటి సరస్సుల్లో ఇది ఒక్కటే చేప కాదు. పారాడపీడియం, టెట్రగోనోలెపిస్ అని పళ్లెంలా వెడల్పాటి చేపలున్నాయి, వాటివీ గానాయిడ్ పొలుసులే. ఇండోసీలకాంథస్ అనే సీలకాంత్ ఉంది, అది రే-ఫిన్డ్ కాదు, కండ రెక్కల చేప. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త సోహన్ లాల్ జైన్ 1970ల నుంచి ఈ చేపల మీద పని చేశారు. ఇండోసీలకాంథస్‌కు 1974లో పేరు పెట్టింది ఆయనే.

నోటి సంగతి చెప్పకపోతే ఈ చేప అర్థం కాదు. లెపిడోటెస్ నోట్లో గుండ్రని గుండీల్లాంటి పళ్లుంటాయి, కొరకడానికి కాకుండా గట్టిదాన్ని పిండి చేయడానికి. నత్తగుల్లల్లాంటివాటిని నలగ్గొట్టేదన్నమాట. యూరప్‌లో ఇలాంటి శిలాజ పళ్లు దొరికితే ‘కప్ప తలలోని మణి’ అని నమ్మి, విషానికి విరుగుడని ఉంగరాల్లో పొదిగించుకున్నారు. మనకు నాగమణి ఉన్నట్టే వాళ్లకు కప్పమణి. మనవాళ్లు గండకీ నది అమ్మోనైట్ శిలాజాన్ని సాలగ్రామంగా పూజగదిలో పెట్టుకుంటారు కదా, శిలాజాన్ని ఇంటికి తెచ్చుకునే అలవాటు మనుషులందరికీ పాతదే.

పేరు గురించి ఇంకొక హెచ్చరిక. పాత పుస్తకాల్లో లెపిడోటెస్ అంటే ఒక పెద్ద సంచి, మెరిసే మందపాటి పొలుసున్న ప్రతి చేపనూ అందులో వేశారు. 2012లో శిలాజ శాస్త్రవేత్త అడ్రియానా లోపెజ్-అర్బరెల్లో ఆ సంచిని దులిపి, చాలా జాతుల్ని షీన్‌స్టియా లాంటి వేరే ప్రజాతుల్లోకి మార్చారు. కాబట్టి పొలుసు చూసి “ఇది లెపిడోటెస్” అని నూటికి నూరుపాళ్లు చెప్పడం ఎవరివల్లా కాదు. “లెపిడోటెస్ తరహా గానాయిడ్ పొలుసు” అనడం నిజాయితీ. చేపను జాతి దాకా చెప్పాలంటే తల ఎముకలు కావాలి.

మూడో మెట్టు: మన కాళ్ల కింద ఏ రాయి ఉందో చూసుకోవడం

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే: “మా ఊరి గుట్ట మీద దొరుకుతాయా?” వరంగల్, హనుమకొండ, కాజీపేట గుట్టలన్నీ గ్రానైట్, దాని చుట్టాలు. 250 కోట్ల ఏళ్ల కిందటివి. కరిగి గట్టిపడ్డ రాతిలో చేప ఉండదు. ఉండాలన్నా అప్పటికి చేపలే లేవు. పాకాల చెరువు చుట్టుపక్కలవి నీటి అడుగున పేరుకున్న రాళ్లే, కానీ అవీ 100 కోట్ల ఏళ్లు దాటినవి. మెదక్ నుంచి ఖమ్మం దాకా ఎవరి పొలం గట్టు చూసినా ఎక్కువగా ఇదే జవాబు వస్తుంది.

ఈశాన్యానికి పోయేకొద్దీ కథ మారుతుంది. పరకాల దాటి భూపాలపల్లి చేరితే సింగరేణి బొగ్గు. ఆ పొరలు పెర్మియన్ కాలానివి, 25 కోట్ల ఏళ్లకు పైబడినవి. బొగ్గుతోపాటు వచ్చే బూడిదరంగు పలక రాళ్లలో నాలుకలాంటి గ్లాసోప్టెరిస్ ఆకు ముద్రలు దొరుకుతాయి. చక్కని శిలాజమే కానీ మన చేప కాదు. దానికంటే చిన్న వయసువి మలేరి ఎర్రమట్టి పొరలు, ఆసిఫాబాద్ జిల్లాలోని మలేరి ఊరి పేరు. 20 కోట్ల ఏళ్లకు పైమాటే. అందులో ఊపిరితిత్తి చేపల పళ్లు దొరుకుతాయి, కోడిజుట్టులా గట్లుగట్లుగా ఉంటాయి. అవి చూసి లెపిడోటెస్ పన్ను అనుకోకండి. వీటన్నిటి పైన కోట ఫార్మేషన్: ఇసుకరాయి, ఎర్రమట్టి, మధ్యలో పలుచని పొరలు పొరలుగా సున్నపురాయి. మనకు కావలసింది ఆ సున్నపురాయి పొరలు. నెమ్మదైన సరస్సు అడుగున పేరుకున్న సున్నపు బురద అది. చచ్చి అడుగుకు చేరిన చేపను కదిలించే అల లేదు, అందుకే అక్కడ కొన్ని చేపలు పొలుసుల వరస చెదరకుండా మిగిలాయి.

దీన్ని కాగితం మీద చూడాలంటే జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ‘భూకోశ్’ పోర్టల్ తెరవండి. పేరు నమోదు చేసుకుంటే భూగర్భ పటాలు ఉచితంగా చూడొచ్చు. మీ ఊరి మీద జూమ్ చేసి రంగు చూసుకోండి. కాజీపేట నుంచి బల్లార్షా రైలెక్కితే ఈ పటాన్ని కిటికీలోంచే చదవొచ్చు. గ్రానైట్ గుండ్లు ఎప్పుడు మాయమయ్యాయో, బొగ్గు ఎప్పుడు మొదలైందో, మట్టి ఎప్పుడు ఎర్రబడిందో చూస్తూ పోండి. నాకైతే ఆ లైనులో నిద్ర పట్టడం ఎప్పుడో మానేసింది.

బయల్దేరే ముందు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ చూసి రండి. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఈ ఫార్మేషన్‌లోదే, మంచిర్యాల జిల్లా వేమనపల్లి వైపు దొరికిన ఎముకలవి. శాస్త్రీయ నామంలో యామన్‌పల్లియెన్సిస్ అని ఉంటుంది. పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. ఇంకో పెద్ద డైనోసార్ బారపాసారస్ సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గరిది. చీరల పోచంపల్లి కాదు. ఆ బారపాసారస్ ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. చేప పొలుసు చూడ్డానికి డైనోసార్ దగ్గరికెందుకు అంటారా? ఆ ఎముకల రంగు, రాయిగా మారిన ఎముక పగులు దగ్గర సన్నని రంధ్రాలతో ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావడానికి.

నాలుగో మెట్టు: అనుమతి, కాలం, సామాను

ప్రాణహిత వన్యప్రాణి అభయారణ్యం, ఆ చుట్టుపక్కల రిజర్వు అడవులు చాలా మేర ఉన్నాయి. అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, రాయి ముక్క కూడా తీసుకురాకూడదు. ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడగండి. పట్టా భూమైతే రైతును అడగండి. నది దాటితే మహారాష్ట్ర, అక్కడి అటవీ శాఖ వేరు. తవ్వకం ఆలోచన మొత్తంగా మానుకోండి. సిరొంచ తాలూకాలోనే వడధం ఫాసిల్ పార్కు ఉంది, కుటుంబంతో పోయేవాళ్లకు అది సుఖం.

దారి: వరంగల్ నుంచి పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం సుమారు 115 కిలోమీటర్లు. అక్కడ గోదావరి వంతెన దాటితే సిరొంచ. వేమనపల్లి వైపు పోవాలంటే రైల్లో మంచిర్యాల దిగి చెన్నూరు మీదుగా రోడ్డు. సిరొంచలో తెలుగు హాయిగా నడుస్తుంది, భాష గురించి బెంగ అక్కర్లేదు.

దీపావళి తర్వాత నుంచి శివరాత్రి లోపు మంచి కాలం. వానాకాలంలో నది పొంగి గట్లు కనపడవు. ఎండాకాలం ఆ రాళ్ల మీద నిలబడటం నావల్ల కాలేదు. వానలు తగ్గిన వెంటనే పోతే ఒక లాభం ఉంది, నీళ్లు కొత్త పొరల్ని కడిగి బయటపెడతాయి.

సామాను ఎక్కువ వద్దు. లూప్, పాత టూత్‌బ్రష్, నీళ్ల స్ప్రే సీసా, ఒక నిమ్మకాయ, గళ్ల నోటుపుస్తకం, పెన్సిల్, స్కేలు, ఫోన్. స్కేలు మరిచిపోతే 2019కి ముందటి అయిదు రూపాయల బిళ్ల, దాని అడ్డం 23 మిల్లీమీటర్లు. సుత్తి తీసుకుపోకండి. సుత్తి సంచిలో ఉంటే చేయి ఆగదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. నా మొదటి ప్రయాణంలో సుత్తి ఉంది. అరచేతి వెడల్పు పలకలో అయిదారు పొలుసులు వరసగా, ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. ఇంకొంచెం లోపలికి ఉంటాయేమోనని అంచున రెండు దెబ్బలు వేశాను. పలక నేననుకున్న చోట కాకుండా అడ్డంగా చీలింది. వరస మధ్యలోంచి పోయింది. మూడు పొలుసులు పొడి అయ్యాయి. ఆ పొడిని వేలితో పోగుచేసి కాగితంలో కట్టుకొచ్చాను, ఎందుకో నాకే తెలియదు. సుత్తి ఇప్పుడు ఇంట్లో మేకులు కొట్టడానికే.

అయిదో మెట్టు: నేల మీద చూపు నిలపడం

పొద్దున ఎండ వాలుగా ఉండగా మొదలుపెట్టండి. నడినెత్తిన సూర్యుడుంటే అన్నీ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకుని, వాలు మీద అడ్డంగా నెమ్మదిగా నడవండి. గానోయిన్ చటుక్కున తళుక్కుమంటుంది. చాలామంది నడుస్తూ వెతుకుతారు. నా అనుభవంలో కూర్చుంటేనే దొరుకుతాయి. ఒక చాప వేసినంత జాగా ఎంచుకుని, పావుగంట అక్కడే కూర్చుని, అందులోని ప్రతి రాయినీ చూడండి. తర్వాత పక్క చాప.

ఒకసారి అలా బోర్లా పడుకున్నంత పనిగా చూస్తుంటే మేకలు తోలుకుపోతున్న పెద్దమనిషి ఆగాడు.

“ఏం దేవులాడుతున్నవ్ కొడుకా, ఏమన్న పోయిందా?”

“చేపలు పెద్దయ్యా. రాళ్లల్ల చేపలుంటయట.”

ఆయన నదిని చూశాడు, నన్ను చూశాడు. “నీళ్లల్ల వడ్తలేవని రాళ్లల్ల దేవులాడుతున్నవా?” అని పకపకా నవ్వాడు. కానీ పోతూ పోతూ, వాగు మలుపు దగ్గర “పలకల్లెక్క లేసే రాళ్లు” ఉన్నాయని చెప్పింది ఆయనే. ఊరివాళ్లను అడగండి. “శిలాజం” అంటే ఎవరికీ అర్థం కాదు. “పొరలు పొరలుగా లేసే తెల్లరాయి ఎక్కడుంది?” అంటే చేయి చూపిస్తారు.

ఆ మలుపు దగ్గర చూసింది చెబుతాను. మీగడ రంగు పలక, గోధుమ రొట్టె మందం. దాని మీద అడ్డంగా మూడు వరసలు. ఒక్కో పొలుసు నా చిటికెన వేలిగోరంత, నిలువుగా కొంచెం పొడుగు. రంగు కాలిన బెల్లపు పాకం. స్ప్రేతో రెండు చుక్కలు పడగానే నలుపు తిరిగి నిగనిగలాడింది. ఒకటి ఊడిపోయి దాని గుంట మిగిలింది. ఆ గుంటలో పక్క పొలుసు మొన దూరిన చోటు కూడా అచ్చుపడి ఉంది. లూప్ పెట్టి ఎంతసేపు చూశానో గుర్తులేదు, మోకాళ్లకు రాళ్లు గుచ్చుకున్న గుర్తులు మాత్రం సాయంత్రం దాకా పోలేదు.

ఆరో మెట్టు: పొలుసేనా, ఇంకేమన్నానా?

ఈ మెట్టు మీదే ఎక్కువమంది జారతారు. సున్నపురాయిలో మెరుస్తూ, రాంబస్ ఆకారంలో ఉండేది ఇంకొకటుంది: కాల్సైట్ స్ఫటికం. పగుళ్లలో పెరుగుతుంది, విరిగితే మళ్లీ చిన్న చిన్న రాంబస్‌లుగానే విరుగుతుంది. నా తొలి ‘పొలుసు’ అదే. రెండు నెలలు అందరికీ చూపించాను. భూగర్భశాస్త్రం చదివిన మిత్రుడొకడు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, “ఇందులోంచి నాకు నీ వేలు కనిపిస్తోంది. పొలుసైతే కనిపిస్తదా?” అన్నాడు. అంతే.

వరసగా ఇలా చూడండి. వెలుతురు దూరిపోతే కాల్సైట్, దూరకపోతే ముందుకు పోదాం. అన్ని ముఖాలూ సమానంగా మెరిస్తే అనుమానించండి, పొలుసుకు ఒక ముఖమే మెరుస్తుంది. ముందరి అంచు మట్టిరంగులో ఉందా? మొదటి మెట్టులో చెప్పిన రెండు రంగులు గుర్తుచేసుకోండి. పగిలిన అంచుంటే లూప్ పెట్టండి. పైన పలుచని గాజు పొర, కింద మందంగా ఎముక, అంటే రెండంతస్తులు కనిపించాలి. కాల్సైట్ అంతా ఒకటే సరుకు. మొన గానీ గాడి గానీ కనిపిస్తే ఇక వాదన లేదు.

నిమ్మకాయ పరీక్ష రాయికి, పొలుసుకు కాదు. పక్కన రాలిపడిన రాతి ముక్కను గీకి, ఆ పొడి మీద రసం పిండితే సన్నగా బుడగలొస్తే సున్నపురాయి, మీరు సరైన పొరలోనే ఉన్నట్టు. పొలుసు కాల్షియం ఫాస్ఫేట్, అలా పొంగదు. ప్రయోగశాలల్లో పలచని ఎసిటిక్ ఆమ్లంతో చుట్టూ ఉన్న సున్నపురాయిని కరిగించి చేపను బయటికి తీసేది ఈ తేడా వల్లనే. మీరు ఇంట్లో వెనిగర్‌తో ఆ పని పెట్టుకోకండి, ఎముకలోని పగుళ్ల వెంట పోయి మొత్తం పొట్టురాల్చేస్తుంది.

ఇంకో మోసగాడు మన ఇళ్లలోనే ఉన్నాడు. తాండూరు నాపరాళ్ల మీద చెట్టుకొమ్మల్లా నల్లని ముద్రలు చూసి శిలాజాలని ఫోటోలు పంపుతుంటారు. అవి మాంగనీసు నీళ్లు పగుళ్లలోకి పాకి గీసిన బొమ్మలు, డెండ్రైట్లంటారు. అందంగా ఉంటాయి, ఎప్పుడూ బతికి లేవు.

పొలుసే అని తేలితే, అది ఒంట్లో ఎక్కడిదో కొంతవరకు చెప్పొచ్చు. మొప్పల వెనక, పక్కల మీదివి ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ. తోకకు పోయేకొద్దీ చిన్నవై, నాలుగు వైపులా సమానమవుతాయి. గళ్ల కాగితం మీద అంచు గీసి, ఎత్తు పొడవు రెండూ రాసుకోండి. ఒక్క పొలుసుతో చేప పొడుగు లెక్కగట్టడం మాత్రం జాతకం చెప్పడమే, ఒంటి మీద చోటును బట్టి కొలత మారుతుంది.

ఒక్క పొలుసుతో ఏం తెలుస్తుందని అనేవాళ్లకు ఇంగ్లండ్ సంగతి చెబుతాను. 1983లో సర్రేలోని ఒక మట్టి గనిలో బారియోనిక్స్ అనే డైనోసార్ దొరికింది. దాని పక్కటెముకల దగ్గర, జీర్ణరసాలు తిన్న గుర్తులతో, చేప పొలుసులున్నాయి. అప్పుడు వాటిని లెపిడోటెస్ అన్నారు, ఇప్పుడు షీన్‌స్టియా అంటున్నారు. డైనోసార్లలో చేపలు తినేవి ఉన్నాయని పొట్టలోని సాక్ష్యంతో చెప్పగలిగింది ఆ గుప్పెడు పొలుసుల వల్లే. అవి అక్కడే, ఆ ఎముకల మధ్యే, కదలకుండా దొరికాయి కాబట్టి. ఎవరో ఏరి డబ్బాలో వేసుకునుంటే అవి ఉత్త పొలుసులే.

ఏడో మెట్టు: ఫోటో, నోట్సు

కాబట్టి చూసినదాన్ని చూసినచోటే రాసిపెట్టాలి. మూడు ఫోటోలు తీయండి: పొలుసు దగ్గర నుంచి, పక్కన స్కేలుతో, నడుమెత్తు నుంచి పలక మొత్తం, పది అడుగులు వెనక్కి పోయి గట్టు మొత్తం, పలక ఉన్న చోట సంచి పెట్టి. పైనుంచి నిట్టనిలువుగా తీయండి, ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, అక్షాంశ రేఖాంశాలు నోటుపుస్తకంలో చేత్తో కూడా రాయండి. నాకు ఒకసారి ఫోన్ నీళ్లలో పడి ఇరవై ఫోటోలు పోయాయి, పుస్తకం మిగిలింది.

నోట్సులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక ప్రశ్న: పలక పొరలో ఉందా, దొర్లి పడిందా? పొరలో ఉంటే దాని పైన ఏ రాయి, కింద ఏ రాయి, ఎంత మందం. దొర్లిందైతే పైన ఎక్కడి నుంచి వచ్చి ఉండొచ్చు. ఇది రాయని ఫోటో శాస్త్రానికి పెళ్లి ఫోటో లాంటిది, చూడ్డానికి బాగుంటుంది.

ఎనిమిదో మెట్టు: ఎవరికి చెప్పాలి

హైదరాబాద్ బండ్లగూడలో జియొలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. చోటు తెలంగాణలో అయితే అక్కడికి, ఫోటోలు, అక్షాంశ రేఖాంశాలు, రాతి వర్ణన కలిపి ఒక పేజీ రాసి పంపండి. “అద్భుతం కనుగొన్నాను” అని మొదలుపెట్టకండి. “ఫలానా తేదీన, ఫలానా చోట, సున్నపురాయి పొరలో గానాయిడ్ తరహా పొలుసులు మూడు వరసలు, పెద్దదాని ఎత్తు ఇంత, పలక అక్కడే ఉంది” అంటే చదివేవాళ్లు చివరిదాకా చదువుతారు. దగ్గర్లోని కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాళ్లకు ఒక నకలు ఇవ్వండి. జవాబు ఆలస్యంగా రావచ్చు, రాకపోనూవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో చోటు పేరు పెట్టకండి. ఊరు చెబితే చాలు, వచ్చే ఆదివారానికి సుత్తులు దిగుతాయి. ఎవరైనా కొంటానంటే నంబరు తీసుకోవద్దు.

చివరగా, ఫోటోలూ నోట్సూ అయి అక్కణ్ణుంచి కదిలే ముందు పలకను పడుకోబెట్టి, మెరిసే ముఖం కిందికి తిప్పి, పైన రెండు మామూలు రాళ్లు పెట్టి వచ్చేయండి. పొరలో ఉన్నదైతే ముట్టుకోకండి. నేను చూసిన మూడు వరసల పలక దొర్లినదే, అట్లనే ఉంచి వచ్చాను. మరుసటి ఏడాది వానలు వెనకబడ్డాక పోయి తిప్పి చూశాను. ఒక మూల అరిగింది, చివరి వరసలో ఒక పొలుసు లేదు, దాని పక్కది సగం లేచి ఉంది. పాత ఫోటో పక్కన పెట్టుకుని అదే ఎత్తు నుంచి, అదే అయిదు రూపాయల బిళ్లతో, మళ్లీ ఫోటో తీసి, తేదీ రాసి, బోర్లించి వచ్చాను.